రుమాలేసిన మెట్టు

కరీంనగర్ కాలేజీ గ్రౌండుకు రాతి మెట్లు కడుతున్నారన్న కబురు నా దుకాణానికి పంక్చరైన చక్రం మీద వచ్చింది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. నాకు ఇరవై నాలుగేళ్లు. గ్రౌండు గేటుకు ఎదురుగా అద్దె సైకిళ్ల దుకాణం నడిపేవాణ్ని. కోస్తా నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చిన ఓవర్సీరు గారు ఒకనాడు సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, చంకలోని కాగితాల చుట్టను నా బల్ల మీద పెట్టి, "కాస్త తొందరగా చూడవయ్యా" అన్నారు. నేను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి ఒక కంటితో బుడగ కోసం వెతుకుతూ, రెండో కన్ను ఆ చుట్ట మీద వేశాను. నీలి కాగితం, తెల్ల గీతలు.

"ఇదేంది సార్?"

"స్టేడియం. మీ కాలేజీకే. పడమర పక్కన పదకొండు మెట్లు, తూర్పున ఏడు."

ఆ మాటను మా బజారు అంతకుముందు వినలేదు. నేను పక్క హోటల్ చాచాకు చెప్పాను. చాచా దాన్ని చాయ్‌తో పాటు అందరికీ పోశాడు. సాయంత్రానికి బజారు ఆ చివరకు చేరేసరికి స్టేడియం కాస్తా స్టేషనై కూచుంది. మా ఊరికి అప్పట్లో రైలు లేదు. మరునాడు పొద్దున ఒక రైతు నా దుకాణం ముందు ఎడ్లబండి ఆపి, రైలు ఎన్ని గంటలకని అడిగాడు. పట్టాలు ఇంకా దారిలో ఉన్నాయి, పండుగ దాకా ఆగమని చెప్పాను. ఆ పాపం నాదే.

మా గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవారు. కాలేజీ పిల్లలు, పోలీసు లైన్ల వాళ్లు, అప్పుడప్పుడు కాగజ్‌నగర్ నుంచి లారీలో నిలబడి వచ్చే జట్టు. చూసేవాళ్లకు కుర్చీ లేదు, బల్ల లేదు. బంతి ఎటు పోతే అటు అందరం గీత వెంబడి పరుగెత్తేవాళ్లం. ఆట ముగిసేసరికి ఆడినవాళ్ల కన్నా మాకే ఎక్కువ చెమట పట్టేది. ఎక్కడికీ పరుగెత్తకుండా చూసేవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయనను తాత అని పిలిచేవాళ్లం.

తాత నేతపని మనిషి. మా గల్లీలోనే గుంటమగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయాయి. దారం మీదే చూపు నిలిపి నిలిపి కండ్లు మసకబారాయి. దగ్గరది బాగానే కనిపించేది. దూరం పెరిగినకొద్దీ పొగ. ఎండ ఎదురు పడిందంటే ఆ పొగ కూడా కనిపించదు. అందుకని గ్రౌండుకు పడమటి పక్క, నడిమి గీతకు సరిగ్గా ఎదురుగా ఒక మొరం దిబ్బ ఉంటే, దాని మీద రుమాలు, అంటే మా దిక్కు భుజం మీది తువాలు, పరుచుకుని కూర్చునేవాడు. అక్కడైతే సాయంత్రపు పొద్దు వీపు వెనక ఉంటుంది. రెండు గోలు స్తంభాలూ సమాన దూరంలో ఉంటాయి.

"గీడ కూసుంటే ఆట నాకు రెండు దిక్కుల అందుతది. జర అటు జరిగిన్ననుకో, ఒక గోలు నాకు లేనట్టే" అనేవాడు.

మెట్లు కట్టడానికి పలుగులు మొదట దిగింది ఆ దిబ్బ మీదే.

ఆ సాయంత్రం తాత చదును చేసిన నేల దగ్గర నిలబడి, ఓవర్సీరు గారిని ఒకే మాట అడిగాడు. "సార్, నడిమిట్ల ఎవలు కూసుంటరు?"

"నడుమ వెడల్పాటి గద్దె వస్తుంది, పెద్దాయనా. ఆఫీసర్లకు కుర్చీలు వేస్తాం. మిగతా మెట్లన్నీ మీవే."

"మిగతయి నాకెందుకు సార్?" అన్నాడు తాత. దురుసుగా కాదు. అంగీకి మూడో చేయి కుట్టిస్తానంటే ఎట్లా అడుగుతామో అట్లా అడిగాడు. ఓవర్సీరు గారికి అర్థం కాలేదు. ఆయన ఎన్నడూ ఫుట్‌బాల్ చూసిన మనిషి కాదు.

ఆ రోజు నుంచి మా ముగ్గురికీ అదే పని. పొద్దు వాలగానే చాచా పొయ్యి మీద గిన్నెను వాళ్ల తమ్ముడికి అప్పగించేవాడు. నేను దుకాణానికి గోనెపరదా దించేవాణ్ని. తాత మగ్గం దిగి వచ్చేవాడు. గ్రౌండు గేటు దగ్గర చేరి, ఇయ్యాల ఎంత లేచిందో చూసేవాళ్లం. రెండో వారానికి మా వెనక ఇరవై మంది, నెల తిరిగేసరికి సగం బజారు. ఆట లేని గ్రౌండుకు అంతమంది రావడం అదే మొదలు. రాయి లేస్తే ఈలలు, పడితే "అయ్యో" అని ఒక్క గొంతుతో కేక. మేస్త్రీకి అభిమానులు పుట్టుకొచ్చారు. ఆయన తాపీ విదిలిస్తే చప్పట్లు.

నవ్వులాటకు చెప్తున్నాను గాని, ఆ పనిని చూస్తుంటే నాలాంటి వాడికి కూడా కల్పించి చెప్పాల్సిన అవసరం కనిపించేది కాదు. రాళ్లు కొట్టేవాళ్లు ఏనుగంత బండ మీద వరుసగా బెజ్జాలు చేసేవారు. ఒక్కో బెజ్జంలో ఒక్కో ఇనుప చీల. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కో దెబ్బ, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో దెబ్బ. ఆ తర్వాత అందరూ సుత్తెలు దించి ఊరకుండేవారు. వాళ్లలో పెద్దాయన బండకు చెవి ఆనించేవాడు. మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం. లోపల ఎక్కడో టిక్కుమనేది. మళ్లీ టిక్కు. ఎవరూ ముట్టుకోకుండానే ఆ బండ, కత్తితో కోసిన జున్ను లాగా, గీత గీసినట్టు రెండయ్యేది. లోపలి రాయి తళతళలాడేది. భూమి పుట్టినప్పటి నుంచి దాని మీద వెలుతురు పడలేదు, మొట్టమొదట చూసినవాళ్లం మేమే కదా అనిపించేది. చాచా అయితే టోపీ సర్దుకుని "సుభానల్లా" అనేవాడు. తాత ముందుకు వంగి, విరిగిన అంచును చేతితో తడిమి చూసేవాడు.

"అంచు మంచిగొచ్చింది" అనేవాడు, అదేదో మగ్గం మీంచి దిగిన పంచె అయినట్టు.

ఇంకో రోజు ఓవర్సీరు గారు మూడు కాళ్ల మీద ఒక ఇత్తడి దుర్భిణి నిలబెట్టారు. మట్టం చూసే యంత్రమట. మా గొడవ పడలేక తలా ఒకసారి చూడనిచ్చారు. చాచా కన్ను పెట్టి కెవ్వుమన్నాడు.

"అరె మియా! మనుషులంత తలకిందులున్నరు! నా హోటల్ గూడ!"

"ఆ యంత్రంలో అట్లాగే కనిపిస్తుందయ్యా" అన్నారు ఓవర్సీరు గారు.

"గట్లనా సాబ్? మరి నా కప్పులల్ల చాయ్ ఒల్కుతలేదేంది?"

అందరూ నవ్వారు. తాత మాత్రం వచ్చి, చాలాసేపు చూసి, కన్ను తీసి, తల తిప్పి అసలు గ్రౌండు వైపు చూసి, మళ్లీ కన్ను పెట్టాడు. ఎన్నో ఏళ్ల తర్వాత దూరం ఆయనకు దగ్గరగా వచ్చింది. తలకిందులుగానైనా సరే, దక్షిణపు గోలు స్తంభానికి చుట్టిన తాడు పోగులు కనిపించాయట. ఆ మాట మాతో మూడుసార్లు చెప్పాడు.

నేను ఊరుకుంటానా? మెట్లు ఏడో వరుసకు చేరిన నాడు, పై మెట్టెక్కి చూస్తే వేములవాడ గుడి గోపురం కనబడుతుందని పుకారు వేశాను. మబ్బు లేని రోజైతే గంట కూడా వినబడుతుందని చాచా చేర్చాడు. జనం ఎక్కి, చేతులు కనుబొమలకు అడ్డం పెట్టుకుని, "అగో, గదే గదే" అనేవారు. లేని గోపురానికి దండాలు పెట్టినవాళ్లను నా కండ్లతో చూశాను. చివరకు ఓవర్సీరు గారు కూడా దుర్భిణి మోయించుకుని పైకెక్కి, ఒక సాయంత్రమంతా పడమర దిక్కుకే తిప్పి తిప్పి వెతికారు. దిగేటప్పుడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ చూపే తర్వాత మాకు పనికొచ్చింది.

ఎట్లాగంటే చెప్తాను.

గద్దెకు పునాది గీసిన నాడు తాత దాన్ని ఎంతోసేపు చూసి, "సైకిలోడా, గిది నడుమ కాదురా" అన్నాడు.

"సార్ టేపుతోని కొలిసిండు తాతా."

"ఏడికెల్లి ఏడికి కొలిసిండు?"

అడిగి తెలుసుకున్నాను. ఓవర్సీరు గారు ప్రహరీ గోడ నుంచి ప్రహరీ గోడకు కొలిచి సగం చేశారు. లెక్క తప్పు లేదు. కానీ మా గ్రౌండు దక్షిణపు మూలలో ఒక నల్ల బండ నేలలోంచి లేచి ఉండేది. దాన్ని తప్పించడానికి గోలు స్తంభాలను ఎప్పుడో పాతకాలంలోనే ఉత్తరానికి జరిపి పాతారు. ఆట నడుమ వేరు, గోడల నడుమ వేరు. ఆట చూసేవాళ్లందరికీ అది తెలుసు. ఎంత తెలుసంటే, దాన్ని చెప్పాల్సిన సంగతిగా ఎవరమూ ఎన్నడూ అనుకోలేదు.

మరునాడు పని ఆగిన శుక్రవారం. తాత ఒక పెద్ద నూలు ఉండతో వచ్చాడు. నన్ను ఉత్తరపు గోలు దగ్గరకు, చాచాను దక్షిణపు గోలు దగ్గరకు పంపి, దారం చివరలు పడమటి పక్క స్తంభాలకు కట్టించాడు. అంతకుముందే ఇంటి దగ్గర ఆ దారాన్ని రెండుగా మడిచి, సరిగ్గా సగంలో ఒక ఎర్ర పోగు ముడి వేసి తెచ్చాడు. టేపు లేదు, దుర్భిణి లేదు. ఆ ముడిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బిగుసుకున్న మోకాళ్లతో ఒక్కో అడుగు వేస్తూ మెట్ల వైపు వెనక్కి నడిచాడు. వదులుగా వేలాడుతున్న దారం నేల మీంచి లేచింది. ఇటు కాస్త జరిగాడు, అటు కాస్త జరిగాడు. ఒకచోట రెండు పక్కలా ఒక్కసారే బిగిసింది. ఎడమ పోగును వేలితో మీటాడు. కుడి పోగును మీటాడు. చెవి ఒగ్గి విన్నాడు. నేను అంత దూరంలో స్తంభానికి చేయి ఆనించి నిలబడి ఉంటే, ఆయన మీటింది నా అరచేతికి తెలిసింది.

గ్రౌండంతా ఒక్క మగ్గమైపోయినట్టు, మా ముగ్గురినీ ఆ దారమే పట్టి నిలబెట్టినట్టు అనిపించింది. ఎన్నో వింతలు కల్పించి చెప్పినవాణ్ని. అట్లాంటిదొకటి నాకు ఎన్నడూ తట్టలేదు.

ముడి వచ్చి ఆగింది మూడో మెట్టు మీద. ఓవర్సీరు గారి గద్దెకు ఉత్తరాన పన్నెండు అంగల దూరం. అంటే అది కుర్చీల మెట్టు కాదు, అందరి మెట్టు.

చాచా పరుగెత్తుకొచ్చి చూసి, నా చెవి పట్టుకున్నాడు. "సైకిల్‌వాలా! ఇది బజార్ల చెప్పినవంటే నీ నోట్లె సైకిల్ పంపు పెడ్త. గద్దెను ఇటు జరుపుతరు. పెద్దయ్య జాగ పోతది."

చెప్పనని ఒట్టు వేశాను. నా ఒట్టు ఎంతసేపు నిలుస్తుందో ఇద్దరికీ తెలుసు.

వారం తర్వాత మేస్త్రీ ఆ మెట్ల మీద సిమెంటు గచ్చు పోస్తున్నాడు. తాత దినమూ వెళ్లి ఆ మూడో మెట్టును చూసుకునేవాడు. ఆ సాయంత్రం మేస్త్రీ అటు తిరిగి నీళ్లు అడుగుతున్నాడు. తాత తన జాగా ముందు నిలబడి, భుజం మీది రుమాలు తీసి, దులిపి, పరిచాడు.

మా దిక్కు మనిషి చేయి అది. బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేస్తే ఆ సీటు నీదే. టాకీసులో బెంచీ మీద వేస్తే ఆ బెంచీ నీదే. వేములవాడ బస్సులో ఒకాయన రుమాలు వేసి, దిగి, మరిచిపోతే, ఆ సీటు మూడు రోజులు ఖాళీగా తిరిగింది. సరే, రెండు రోజులు. తాత చేయి కూడా జాగా కనబడగానే తనంతట తానే రుమాలు వేసింది. కింద పచ్చి సిమెంటు ఉందన్న సంగతి ఆ చేతికి పట్టలేదు.

"అయ్యో అయ్యో, తాతా! ఎంత పని జేస్తివి!" మేస్త్రీ తాపీతో ఉరికివచ్చాడు. రుమాలును రెండు కొసలా పట్టి మెల్లగా లేపాడు. చదును చేయడానికి తాపీ ఎత్తాడు. ఎత్తిన చేయి అట్లాగే ఉండిపోయింది.

కింద ఇంకో రుమాలు ఉంది. పడుగు పోగులు, పేక పోగులు, అంచు దగ్గర దగ్గరగా కొట్టిన నేత, కొసన ముడివేసిన కుచ్చులు, ఒక మూలన తాత ఎప్పుడో తెగిన పోగును అతికిన చిన్న ముడి కూడా. అన్నీ బూడిద రంగు సిమెంటులో. మేస్త్రీ కూర్చుండిపోయాడు.

"ముప్పై ఏండ్ల సంది తాపీ పడ్తున్న. గింత సాపు నా చేతికి ఎన్నడు రాలే" అన్నాడు.

"తుడిచెయ్యి బిడ్డా, తప్పయింది" అన్నాడు తాత. తల వంచుకుని ఉన్నాడు.

"నువ్వు ఊకో తాతా. గిది తుడ్సుమంటే నా చెయ్యి రాదు." ఆయన లేచి తడి గోనెపట్ట ఒకటి తెచ్చి, దాని మీద చేత్తో తాకీ తాకనట్టు కప్పాడు. గచ్చు ఆరకుండా మెట్లన్నిటి మీదా అట్లాగే పట్టలు కప్పి నీళ్లు చల్లుతుంటారు కాబట్టి, ఎవరికీ అనుమానం రాదు.

ఓవర్సీరు గారికి తప్ప. నాలుగో రోజు తనిఖీకి వచ్చి, ఆ పట్ట దగ్గర ముగ్గురం దొంగల్లా నిలబడటం చూసి ఆగారు.

"ఏమిటయ్యా ఇక్కడ మీ కాపలా? దీని కింద ఏముంది?"

నేను అబద్ధం సిద్ధం చేసుకునే ఉన్నాను. పట్ట కింద కట్లపాము దూరిందని చెప్పాలి. పాముకు రంగు, పొడవు, అది వచ్చిన దారి, అన్నీ అల్లి పెట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆ పూట, నా బతుకులో అదే మొదటిసారి అనుకుంటాను, నోట్లోంచి నిజం జారింది.

"రుమాలుంది సార్. సిమెంటు రుమాలు. అసలు నడుమ గిదే. మీ గద్దె పన్నెండంగలు అటు పోయింది సార్, గోడలు కొలిసిండ్రు గాని గోలు స్తంభాలు కొలువలే. తాత దారంతోని పట్టిండు."

చాచా కండ్లు మూసుకున్నాడు. తాత చేయి నా మోచేతిని పట్టుకుంది.

ఓవర్సీరు గారు నన్ను చూశారు. పట్టను చూశారు. మళ్లీ నన్ను చూశారు. అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"సిమెంటు రుమాలా! నేనిప్పుడు వంగి ఈ గోనె ఎత్తి చూడాలి. నువ్వు రేపు బజారంతా చెప్పుకుని నవ్వాలి. అంతేనా? నాయనా, నేను నీ గోపురం ఒకసారి చూశాను, చాలు." నవ్వుతూనే మెట్లు దిగి, నేను పంక్చరు వేసిన ఆ సైకిలే ఎక్కి వెళ్లిపోయారు.

మేమక్కడే కూలబడ్డాం. చాచా నా వీపు తట్టి అన్నాడు: "నీ లెక్క జూటా మాట్లాడెటోడు ఊరికొక్కడు ఉండాలె మియా."

మొదటి ఆట నాడు ఊరికి ఊరే వచ్చింది. నిలబడి పరుగెత్తిన మనుషులం, మెట్టు మీద మెట్టుగా కూర్చుని చూస్తే, మాకు మేమే కొత్తగా కనిపించాం. అన్ని తలలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మాది ఇంత పెద్ద ఊరా అనుకున్నాను. గద్దె మీద తెల్లబట్ట కప్పిన కుర్చీల్లో ఆఫీసర్లు. వాళ్ల వెనక ఓవర్సీరు గారు, ఇస్త్రీ చొక్కాలో.

అప్పుడు సున్నం డబ్బాతో గీతలు గీసే మనిషి తూర్పు పక్క నుంచి నడిమి గీత మొదలుపెట్టాడు. తల వంచుకుని, డబ్బా తడుతూ, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. తెల్లటి గీత గ్రౌండును చీలుస్తూ మా వైపు వస్తోంది. మూడో మెట్టు మీద తన జాగాలో రుమాలు పరుచుకుని కూర్చున్న తాత దాన్ని చూడలేడు, ఇంకా దూరమే. "ఏడికొచ్చిందిరా?" అని అడుగుతున్నాడు. "వస్తున్నది తాతా." "ఎటు వొంగలే గద?" "వొంగలే." ఆయన చూపు అందే చోటికి గీత వచ్చినట్టుంది, మాట ఆపేశాడు. గీత తిన్నగా వచ్చి, మగ్గం మీద బిగించిన పడుగు పోగు లాగా, ఆయన రెండు పాదాల నడిమికి ఎదురుగా ఆగింది.

గద్దె వైపు తిరిగి చూశాను. ఓవర్సీరు గారు గీతను చూస్తున్నారు. తర్వాత కుర్చీలను. తర్వాత నన్ను. నేను సినిమా దేవుడి లాగా చేయెత్తి దీవించాను.

ఆట మొదలైన కొద్దిసేపటికే కుర్చీలు కదలడం మొదలైంది. ఆఫీసర్లు ఉత్తరం వైపు మెడలు సాచారు, కుర్చీలు జరిపారు, ఇక జరపడానికి గద్దె అయిపోయింది. అందరికన్నా పెద్ద ఆఫీసరు ఇక లాభం లేదని లేచి, మెట్ల మీద నడుచుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. అప్పుడే తాత, బంతి తగిలి పడిపోయిన పిల్లవాణ్ని చూడటానికి లేచి నిలబడి ఉన్నాడు. మెట్టు మీద రుమాలు ఒక్కటే ఉంది.

"పెద్దమనిషీ, జర జరుగుతవా? గీడికెల్లి మంచిగ కనవడ్తది" అన్నాడు ఆఫీసరు. మా దిక్కు మనిషే.

తాత వెనక్కి తిరిగి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా అన్నాడు. "రుమాలేసిన్న సార్."

ఆఫీసరు నవ్వి, ఆ మాట తోసేయలేక, ఉన్న మనిషికి తోడు ఇంత చోటు దొరక్కపోతుందా అన్నట్టు వంగి రుమాలు అంచు పట్టుకుని కొంచెం పక్కకు లాగాడు. లాగిన చేయి ఆగిపోయింది. మేస్త్రీ చేయి ఆగినట్టే.

కింద రుమాలు ఉంది. అది జరగదు.

ఆయన దాన్ని వేలితో తాకాడు. కుచ్చుల దాకా తడిమాడు. పై రుమాలును మళ్లీ దాని మీద అంచుకు అంచు సరిపోయేలా పరిచాడు. జేబులోంచి దస్తీ తీసి, పక్కన ఉత్త సిమెంటు మీద వేసుకుని, కూర్చున్నాడు.

"ఎవల ఆట మంచిగున్నది?" అని తాతను అడిగాడు.